దార్జిలింగ్ వెళ్లబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

దార్జిలింగ్ చూసి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి ఒకటే ప్రశ్నలు. అన్నిటికీ జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను వెళ్లింది మూడుసార్లు: మే నెలలో అమ్మానాన్నలను తీసుకుని ఒకసారి, నవంబరులో ఒకసారి, గది చవగ్గా వస్తోందని ఆశపడి ఆగస్టులో ఒకసారి. జవాబుల్లో ఎక్కడైనా విసుగు కనిపిస్తే అది ఆగస్టు పుణ్యమే.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఊళ్లోనే మూడు రాత్రులు. నా లెక్క రాత్రులది కాదు, తెల్లవారుజాములది. మనం అంత దూరం వెళ్లేది కాంచనజంగ కోసం. ఆ కొండకు మన టికెట్ల తేదీలతో పనిలేదు. ఒక్క రాత్రి పడుకుని మర్నాడే గాంగ్‌టక్‌కు పరుగెత్తేవాళ్లలో చాలామంది మంచుకొండను హోటల్ గోడమీది ఫొటోలో చూసి తిరిగివస్తారు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

కొండ కనిపించడమే ముఖ్యమనుకుంటే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మధ్య వరకు. వానలు కడిగేసిన ఆకాశం అప్పుడు అద్దంలా ఉంటుంది. మార్చి నుంచి మే వరకు కూడా బాగుంటుంది. కొత్త తేయాకు, పూలు, హాయైన చలి. కాకపోతే ఉదయం తొమ్మిది దాటితే మబ్బు పట్టే రోజులే ఎక్కువ, పైగా మన పిల్లల సెలవులూ బెంగాలీల సెలవులూ ఒకేసారి వచ్చి ఊరు కిటకిటలాడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వద్దు. ఆగస్టులో నేను నాలుగు రోజులున్నాను. కాంచనజంగ సంగతి అటుంచండి, వీధికి అవతలున్న దుకాణం బోర్డు కూడా చదవలేకపోయాను. ఉతికి ఆరేసిన మేజోళ్లు నాలుగు రోజులూ ఆరలేదు, తడిగానే సంచిలో పెట్టుకుని వచ్చాను. ఇది నవ్వుకునే సంగతే గానీ కొండచరియలు అలా కాదు. 2025 అక్టోబరు మొదట్లో ఒక్క రాత్రి కురిసిన కుండపోతకు మిరిక్, దార్జిలింగ్ ప్రాంతంలో చరియలు విరిగిపడి ఎంతోమంది చనిపోయారు, దుదియా దగ్గర వంతెన కూలిపోయింది. అందుకే దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లు కూడా వాతావరణ హెచ్చరిక చూసుకుని కొండెక్కండి.

మన వైపు నుంచి ఎలా వెళ్లాలి?

విమానమైతే బాగ్‌డోగ్రా, రైలైతే న్యూ జల్పాయిగురి. మన విజయవాడ, విశాఖపట్నం మీదుగా ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లే కొన్ని దూరప్రయాణపు రైళ్లు న్యూ జల్పాయిగురిలో ఆగుతాయి. లేదంటే హావ్‌డా వరకు వెళ్లి అక్కడ రాత్రి బండి పట్టుకోవచ్చు. బాగ్‌డోగ్రా, న్యూ జల్పాయిగురి రెండింట్లో ఎక్కడ దిగినా దార్జిలింగ్ ఇంకా సుమారు 70 కిలోమీటర్లు. జీపులో మూడు నుంచి నాలుగు గంటలు.

ఈ రెండిటికీ దగ్గర్లోనే ఉన్న సిలిగురి ఊళ్లో షేర్ జీపులు దొరుకుతాయి. వాటిలో పదిమందిని సర్దుతారు. పెద్దవాళ్లుంటే వాళ్ల కోసం ఒక సీటు అదనంగా కొనండి, ఆ డబ్బు ఎక్కడికీ పోదు. వంపులకు కడుపులో తిప్పే అలవాటుంటే ముందు సీటు అడగండి, పొద్దున్నే ఇడ్లీల మీద ఇడ్లీలు లాగించి ఎక్కకండి. దారిలో కర్సియాంగ్ వస్తుంది. అక్కడ గిద్దాపహాడ్‌లో శరత్‌చంద్ర బోసు ఇల్లుంది. ఆయన తమ్ముడు నేతాజీని ఆంగ్లేయులు నిర్బంధించిన ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. డ్రైవరుకు ముందే చెబితే ఆపుతాడు.

టాక్సీవాళ్లు చెప్పే ‘మూడు పాయింట్లు’, ‘ఏడు పాయింట్లు’ అంటే ఏమిటి?

మూడు పాయింట్లంటే తెల్లవారుజామున టైగర్ హిల్, వచ్చేదారిలో ఘూమ్ బౌద్ధమఠం, బతాసియా లూప్. ఏడు పాయింట్లంటే జూ, పర్వతారోహణ సంస్థ, రోప్‌వే, టిబెటన్ల శిబిరం, తేయాకు తోట, జపనీయుల శాంతి స్తూపం వగైరా. జాబితా డ్రైవరును బట్టి కాస్త మారుతుంది.

ఈ రెండింటినీ ఒకే రోజున కట్టబెడతామంటారు. ఒప్పుకోకండి. పెళ్లిలో ఇరవై రకాలు వడ్డించి, ‘త్వరగా కానివ్వండి, తర్వాతి బంతివాళ్లు మీ వెనకే నిలబడ్డారు’ అన్నట్టుంటుంది. మొదటిసారి మేము అదే చేశాం. సాయంత్రానికి అమ్మను ఏం చూశావని అడిగితే ‘మెట్లు’ అంది.

టైగర్ హిల్ తప్పనిసరిగా వెళ్లాలా?

తప్పనిసరి కాదు. కానీ ఆకాశం తేటగా ఉన్న ఒక్క రోజు దొరికితే వదులుకోకండి.

టైగర్ హిల్ ఎత్తు సుమారు 2,590 మీటర్లు, ఊరికి 11 కిలోమీటర్లు. మూడున్నరకల్లా జీపు గుమ్మంలో ఉంటుంది. పైకి వెళ్లేసరికి వందల బండ్లు. చివర్లో కొంత దూరం చీకట్లో ఎత్తుకు నడవాల్సి రావచ్చు. పైన అక్కడి ఆడవాళ్లు ఫ్లాస్కులతో కాఫీ అమ్ముతూ తిరుగుతుంటారు. మే నెలలో వెళ్లినప్పుడు తూర్పు ఎర్రబడగానే జనమంతా సూర్యుడివైపు ఫోన్లు ఎత్తారు, నేనూ ఎత్తాను. నాకు కాఫీ పోసిన ఆవిడ భుజం తట్టి, ‘అటు కాదు బాబూ, ఇటు చూడు’ అని ఉత్తరానికి చెయ్యి చూపింది. కింద లోయంతా ఇంకా చీకటి. ఆ చీకటి మీద, ఆకాశంలో ఎక్కడో, గోరంత గులాబీ రంగు. అది కొండ అని పోల్చుకోవడానికి కొన్ని క్షణాలు పట్టింది, ఎందుకంటే కొండ ఉంటుందని నేననుకున్న చోటికంటే అది చాలా పైన ఉంది. ఆ రంగు కొస నుంచి మెల్లగా కిందికి జారుతూ కుంకుమై, పసుపై, చివరికి తెల్లబడింది. అప్పటికి సూర్యుడు మాకింకా కనిపించనేలేదు. 8,586 మీటర్ల ఎత్తులో ఉన్న శిఖరానికి మనకంటే ముందే తెల్లవారుతుంది మరి.

నవంబరులో టైగర్ హిల్ ఎక్కలేదు. ఊరి నడిబొడ్డున ఉన్న కూడలిని చౌరస్తా అంటారు. దాని వెనక మహాకాల్ కొండ చుట్టూ మాల్ రోడ్డు తిరుగుతుంది. ఆ దారిలో ఉత్తరం వైపు బెంచీలున్నాయి. ఆరు గంటలకు శాలువా కప్పుకుని నడుచుకుంటూ వెళ్తే అదే కాంచనజంగ, టికెట్ లేకుండా, తోపులాట లేకుండా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేను ఇదే చెబుతాను.

అక్కడి నుంచి ఎవరెస్టు కనిపిస్తుందా?

టైగర్ హిల్ నుంచి బాగా తేటగా ఉన్న రోజున, పడమటి వైపు చిన్న కొసలా కనిపిస్తుంది. దాని ముందున్న మకాలు అనే శిఖరం దానికంటే ఎత్తుగా కనిపించి మోసం చేస్తుంది. ఎవరెస్టు దూరంగా ఉండటమే కారణం. డ్రైవరు చూపించిన ప్రతి తెల్లటి మొనా ఎవరెస్టు కాదు.

మహాకాల్ గుడిలో విశేషమేమిటి?

గర్భగుడిలో ఒక పక్క హిందూ పూజారి, ఇంకో పక్క బౌద్ధ లామా కూర్చుంటారు. శివలింగాలూ బుద్ధుడి విగ్రహాలూ కలిసే ఉంటాయి. అసలు ఊరి పేరు పుట్టింది ఇక్కడే. 18వ శతాబ్దంలో ఈ కొండమీద ‘దోర్జే లింగ్’ అనే బౌద్ధమఠం ఉండేది. దోర్జే అంటే వజ్రాయుధం, లింగ్ అంటే చోటు. గూర్ఖాల దాడుల్లో మఠం ధ్వంసమైంది, పేరు మిగిలింది. 1835లో సిక్కిం రాజు దగ్గర ఈస్టిండియా కంపెనీ ఈ ప్రాంతాన్ని పుచ్చుకుని, ఎండకు తట్టుకోలేని తన ఉద్యోగుల కోసం విడిదిగా మార్చుకుంది.

గుడికి వెళ్లే దారంతా రంగురంగుల ప్రార్థనా పతాకాలు, గంటలు, కోతులు. ప్రసాదం సంచి చేతిలో ఊపుకుంటూ నడవకండి, మా చక్కెర చిలకలు అలాగే పోయాయి.

టాయ్ ట్రైన్ మొత్తం దూరం ఎక్కాలా? ఊళ్లో తిప్పేది చాలా?

ఊళ్లో తిప్పేది చాలు. న్యూ జల్పాయిగురి నుంచి దార్జిలింగ్‌కు 88 కిలోమీటర్లు, ఆ చిన్నబండికి ఏడు గంటల పైమాటే. మధ్యాహ్నానికి పిల్లలు ‘ఇంకా ఎంతసేపు’ అని, పెద్దలు ‘నడుము’ అని మొదలుపెడతారు. దార్జిలింగ్ నుంచి ఘూమ్ వరకు వెళ్లి తిరిగివచ్చే ‘జాయ్ రైడ్’ రెండు గంటలు. బతాసియాలో పది నిమిషాలు ఆగుతుంది, ఘూమ్‌లో మ్యూజియం చూసేంతసేపు ఆగుతుంది.

టికెట్ ముందే రైల్వే వెబ్‌సైట్‌లో తీసుకోండి. సెలవుల్లో అక్కడికి వెళ్లి తీసుకుందామంటే దొరకదు. ఆవిరి ఇంజనుకు డబ్బెక్కువ, డీజిలుకు తక్కువ. జీవితంలో ఒక్కసారే ఎక్కేట్టయితే ఆవిరిదే ఎక్కండి. తెల్ల చొక్కా మాత్రం వేసుకోకండి, బొగ్గు నుసి జుట్టులోకీ కాలరులోకీ వెళ్తుంది.

ఈ రైలును బొమ్మ అనడం నాకు నచ్చదు. 1879 నుంచి 1881 మధ్య వేసిన దారి ఇది. పట్టాల మధ్య దూరం రెండడుగులే, 610 మిల్లీమీటర్లు. మైదానం నుంచి 2,258 మీటర్ల ఎత్తున్న ఘూమ్ దాకా పళ్లచక్రాల సాయమేమీ లేకుండా, వట్టి ఇనుప చక్రాల పట్టుతోనే ఎక్కుతుంది. మరీ నిట్టనిలువుగా ఉన్నచోట రైలు కొంత ముందుకెళ్లి, ఆగి, వెనక్కి నడిచి పై మెట్టుకు చేరి, మళ్లీ ముందుకు సాగుతుంది. ఇంకొన్నిచోట్ల చుట్టు తిరిగి తన పట్టాలను తానే దాటుతుంది. 1919 నాటి బతాసియా లూప్ అలాంటిదే. దాని మధ్యలో గూర్ఖా సైనికుల స్మారకం ఉంది. 1999లో యునెస్కో ఈ రైలుమార్గాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

పట్టాలు తడిసి చక్రం జారితే ఏం చేస్తారని మీ పిల్లలు అడిగితే: ఇసుక చల్లుతారు. వెనకటి రోజుల్లో ఇంజను ముందు భాగాన మనుషులు కూర్చుని, పట్టాల మీద గుప్పిళ్లతో చల్లేవాళ్లు. ఊళ్లో పట్టాలు రోడ్డు పక్కనే, దుకాణాల గుమ్మాలను రాసుకుంటూ పోతాయి. నా కిటికీలోంచి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో వేలాడుతున్న ఒక ఉన్ని టోపీ మీద ధర చదివాను. దిగాక వెనక్కి నడిచి వెళ్లి అదే టోపీ కొన్నాను. ధర మారలేదు, రంగు మాత్రం బొగ్గు పట్టి కొంచెం మారింది.

జూ చూడాలా? మన హైదరాబాద్‌లో ఉంది కదా?

హైదరాబాద్‌లో జూ ఉంది, మంచు చిరుతపులి లేదు. పైగా ఈ జూకు మన ఊరితో చుట్టరికం ఉంది. దీని పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. సరోజినీ నాయుడు కూతురు పద్మజ హైదరాబాద్‌లో పుట్టారు, 1956 నుంచి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా ఉన్నారు. ఆ రోజుల్లోనే, 1958లో, ఈ జూ మొదలైంది. 1975లో ఆమె పేరు పెట్టారు.

ఇక్కడ చలికొండల జంతువులే ముఖ్యం: మంచు చిరుత, హిమాలయ తోడేలు, ఎర్ర పాండా. ఎర్ర పాండా మీరు సినిమాల్లో చూసిన నలుపు తెలుపు పాండా కాదు. పిల్లికంటే కాస్త పెద్దది, తోక నిండా వలయాలు. మధ్యాహ్నం వెళ్తే కొమ్మ మీద నాలుగు కాళ్లూ వేలాడేసి నిద్రపోతూ ఉంటుంది. అందుకే తెరవగానే వెళ్లండి. ఈ జూలో పుట్టి పెరిగిన ఎర్ర పాండాలను సింగలీలా అడవిలోకి వదిలారు కూడా. గురువారం సెలవు. లోపల ఎత్తులెక్కువ, నానమ్మలకు చేతికర్ర ఉంటే మేలు.

పర్వతారోహణ సంస్థ కూడా అక్కడే ఉందా?

ఆ ఆవరణలోనే ఉంది, టికెట్ కూడా కలిపే. తొందరపడి దాటేయకండి. 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీతో ఎవరెస్టు ఎక్కిన టెన్జింగ్ నార్గే దార్జిలింగ్‌లోనే స్థిరపడ్డాడు. మరుసటి ఏడాది నవంబరులో నెలకొల్పిన ఈ సంస్థలో శిక్షణ బాధ్యత ఆయనదే. 1986లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన విగ్రహం ఆవరణలో ఉంది. మ్యూజియంలో ఆనాటి బూట్లు, తాళ్లు, మంచుగొడ్డళ్లు చూస్తే, ఈ సామానుతోనా అంత ఎత్తు ఎక్కారు అనిపిస్తుంది.

మన పిల్లలకు చెప్పవలసిన ఇంకో సంగతి: 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఎక్కిన ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ భువనగిరి కొండమీద మొదలుపెట్టి ఆ తర్వాత శిక్షణ తీసుకున్నది ఇక్కడే. ఈ మాట చెప్పాక మా మేనల్లుడు మ్యూజియంలో మళ్లీ మొదటి గదికి వెళ్లి బూట్లన్నీ ఇంకోసారి చూసి వచ్చాడు.

తేయాకు తోటలో చూడటానికి ఏముంటుంది? టీ ఎక్కడ కొనాలి?

ఊరికి అతి దగ్గరున్నది 1854 నాటి హ్యాపీ వ్యాలీ తోట. ఆకు కోసే రోజుల్లో వెళ్తే ఫ్యాక్టరీ లోపల తిప్పి చూపిస్తారు. చలికాలంలో కోత ఉండదు, యంత్రాలు మాత్రమే కనిపిస్తాయి.

కోసేది రెండాకులు, ఒక మొగ్గ. దాన్ని గాలి పెట్టి రాత్రంతా వాడబెడతారు, నలుపుతారు, నలిగిన ఆకును పరిచి రంగు మారనిస్తారు, తర్వాత వేడిగాలిలో ఆరబెడతారు. కిలో టీకి సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కావాలి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే తొలి కోతను ఫస్ట్ ఫ్లష్ అంటారు, లేత బంగారు రంగు, పూల వాసన. మే, జూన్ నెలల్లో వచ్చేది సెకండ్ ఫ్లష్. దానికి పండిన ద్రాక్షలాంటి ‘మస్కటెల్’ పరిమళం ఉంటుంది. ఆ పరిమళంలో ఒక పురుగుకు కూడా వాటా ఉంది. పత్తి రైతులను ఏడిపించే పచ్చదోమ కుటుంబానికి చెందిన పురుగొకటి ఆ నెలల్లో ఆకుల రసం పీలుస్తుంది. ఆ గాయానికి మొక్క చూపే ప్రతిస్పందనలోంచే ఆ వాసన పుడుతుంది. గుంటూరులో మందు కొట్టించే పురుగు ఇక్కడ ధర పెంచుతుంది.

చౌరస్తా చుట్టుపక్కల మంచి టీ దుకాణాలున్నాయి. రుచి చూపించేచోటే కొనండి, నూరేసి గ్రాములు చాలు. ప్యాకెట్ మీద ఏ తోట, ఏ కోత అని రాసి ఉండాలి. భౌగోళిక గుర్తింపు మనదేశంలో మొట్టమొదట దక్కింది దార్జిలింగ్ టీకే, కాబట్టి ప్యాకెట్ మీద ఆ ముద్ర చూడండి. ఇంటికి తెచ్చాక దానిలో పాలూ, అల్లమూ వేసి మరిగించకండి. నీళ్లు కాగి ఆవిరి తగ్గాక ఆకు వేసి మూడు నిమిషాలు మూతపెట్టి వడగట్టండి. మా నాన్న ఒక గుక్క తాగి, ‘వేడినీళ్లకు రంగేశారు’ అన్నారు. అందరికీ నచ్చాలని లేదు.

మిగతావాటిలో ఏవి చూడాలి, ఏవి వదిలేయవచ్చు?

ఘూమ్‌లోని పాత మఠం చూడండి. 1850లో కట్టింది, లోపల పదిహేను అడుగుల మైత్రేయ బుద్ధుడున్నాడు. 1959లో టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులు పెట్టుకున్న స్వయంసహాయ కేంద్రం తప్పకుండా చూడండి. ముసలమ్మలు ఉన్ని వడకడం, తివాచీలు నేయడం కళ్లముందే జరుగుతుంది. ఆదివారం సెలవు. శాంతి స్తూపం ప్రశాంతంగా ఉంటుంది, పొద్దున వెళ్తే డోలు చప్పుడుతో సాగే ప్రార్థనలో కూర్చోవచ్చు.

రోప్‌వే: క్యూ గంట దాటితే వెనక్కి తిరగండి. రాక్ గార్డెన్: వదిలేయండి. అక్కడికి దిగే రోడ్డు నిట్టనిలువు, కింద సిమెంటు మెట్ల మధ్య జలపాతం. మన అరకు దారిలో ఇంతకంటే మంచివి చూసి ఉంటారు.

శాకాహారం, అన్నం దొరుకుతాయా?

దొరుకుతాయి. ఎక్కడికి వెళ్లినా అన్నం, పప్పు, కూరతో నేపాలీ భోజనం ఉంటుంది. మోమోల్లో క్యాబేజీవి అడగండి. చలి సాయంత్రం వేడివేడి తుక్పా, అంటే కూరగాయల పులుసులో నూడుల్స్, ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. సేల్ రోటీ అని బియ్యప్పిండితో గుండ్రంగా వేయించినది చూస్తే అరిసెల పాకం గుర్తొస్తుంది, తీపి మాత్రం తక్కువ.

మనవాళ్లు సంచిలో ఆవకాయ మోసుకెళ్తారు. అక్కర్లేదు. అక్కడ ‘డల్లే ఖుర్సానీ’ అని రేగిపండంత, ఎర్రగా, గుండ్రంగా ఉండే మిరపకాయ ఉంది. ఊరగాయ పెడతారు. కారం మాకు కొత్తా అని గొప్పకు పోయి నేను ఒక కాయ మొత్తం కొరికాను. వడ్డించిన దీదీ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి పెరుగు తెచ్చి పెట్టింది. సీసాలు రెండు కొనుక్కొచ్చాను.

హోటల్ విషయంలో ఏం చూసుకోవాలి?

మొదట నీళ్లు. ఈ ఊరికి నీటి ఎద్దడి పాత జబ్బు. సెంచల్ చెరువుల నుంచి వచ్చే నీళ్లు చాలక చాలా హోటళ్లు ట్యాంకర్లతో కొంటాయి. అందుకని బకెట్‌తో స్నానం చేయండి, అరగంట షవరు కింద నిలబడకండి. గీజరు ఏ వేళల్లో వేస్తారో, రూం హీటరుకు విడిగా డబ్బు ఉందో లేదో ముందే అడగండి. నేను దిగిన ఒక హోటల్లో అడగలేదు. వెళ్లేరోజు బిల్లులో హీటరు అద్దె చూసి చలి అప్పుడు వేసింది.

రెండోది ఎత్తు. చౌరస్తాకు ‘దగ్గరే’ అంటే కొండమీద అర్థం వేరు. రెండు వందల మీటర్ల దూరం, నూట ఇరవై మెట్లు కావచ్చు. పెద్దవాళ్లుంటే బండి గుమ్మం దాకా వస్తుందా అని అడగండి.

ఎత్తువల్ల ఊపిరి సమస్య వస్తుందా?

ఊరు రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు, మెట్లెక్కితే ఆయాసం తప్ప. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగి వెళ్లాలి. ఇంతకంటే చాలా ఎత్తులో ఉన్న సందక్‌ఫు శిఖరానికి వెళ్తే మాత్రం సంగతి వేరు.

సందక్‌ఫు, మిరిక్, కాలింపాంగ్‌లలో ఒక్కటే వీలైతే ఏది?

కాళ్లలో శక్తి, చేతిలో మూడు నాలుగు రోజులు ఉంటే సందక్‌ఫు. 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు. కాంచనజంగ, ఎవరెస్టు, లోత్సే, మకాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. కాంచనజంగ వరుసను అక్కడివాళ్లు ‘నిద్రిస్తున్న బుద్ధుడు’ అంటారు. చూశాక ఆ మాట ఎందుకన్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. నడవలేనివాళ్లకు మానేభంజంగ్ నుంచి పాతకాలపు ల్యాండ్ రోవర్లు వెళ్తాయి.

ఒక్క రోజే ఉంటే కాలింపాంగ్. దారిలో పైనుంచి చూస్తే రంగీత్, తీస్తా నదులు రెండు వేర్వేరు రంగుల్లో వచ్చి కలవడం కనిపిస్తుంది. మిరిక్ చెరువు బాగుంటుంది, అయితే దానికోసం ప్రత్యేకంగా ఒక రోజు ఖర్చు పెట్టకండి. దిగేటప్పుడు ఆ దారిన దిగితే సరిపోతుంది, రోడ్డు తెరిచి ఉందో లేదో అడిగాకే.

మూడు రోజులూ మబ్బే ఉంటే?

అలా జరుగుతుంది. రాత్రి కాపలా ఉండే దాజుకు ముందురోజే చెప్పి పెట్టండి, కొండ తెరుచుకుంటే తలుపు కొట్టమని. నేపాలీలో దాజు అంటే అన్న, అలాగే పిలవండి. నవంబరులో మూడో రోజు తెల్లవారుజామున అయిదూ నలభైకి మా తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. చెప్పుల్లేకుండా మేడమీదికి పరుగెత్తాం. ఇరవై నిమిషాలు కనిపించింది, మళ్లీ తెర పడింది. మేజోళ్లు వేసుకుని వెళ్లాల్సింది, గచ్చు మంచుగడ్డలా ఉంది.